మూడో దోసె వద్దన్న రోజు

సగం కోసిన ఉల్లిపాయతో పెనానికి నూనె రుద్దుతూ గోమతి ఆ రోజు పనులు వరస పెట్టుకుంటోంది. ఆదివారం, మొగుడికి మిల్లు సెలవు. పొద్దున దోసెలు, మధ్యాహ్నం శనగల పులుసు, తరవాత ఓ కునుకు. అంతకు మించి ఆమెకు కోరికల్లేవు. మూడో దోసె తిరగేసి, అట్లకాడ మీద పెట్టుకుని భర్త దగ్గరికి తెచ్చింది.

పాండురంగన్ కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. పెళ్లయిన నాటినుంచి ఆయన మూడో దోసె వద్దన్నది లేదు. జ్వరంలోనూ తిన్నాడు. ఆ ఇంటి మగవాళ్లు కోపమొస్తే అరవరు, కంచంలో తగ్గిస్తారు. ఆమె మామగారు తమ్ముడితో పంపుసెట్టు తగాదా వచ్చినప్పుడు మూడో దోసె మానేశాడు. తగాదా తీరేసరికి ఆ తమ్ముడికి మనవలు పుట్టారు.

"ఏందండీ, దోసె బాగలేదా?"

ఆయన నోట్లో ముక్కను ఆవు నెమరు వేసినట్టు నములుతూ గోడవైపు చూశాడు. ఆ గోడవార మామగారి వాలుకుర్చీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

గోమతి గుండె జారి పెనం మీద పడింది.

ఆ కుర్చీని ఆమె గురువారం నాడు పాత సామాన్లు కొనే కన్నుసామికి వేసి, బదులుగా తళతళలాడే ఇడ్లీ చట్టి తీసుకుంది. కుర్చీ గుడ్డ చినిగింది, కుట్టించడానికి ఇచ్చానని మొగుడికి చెప్పింది. మధ్యాహ్నం అన్నం తినగానే ఆయన ఒరిగేది అందులోనే. తండ్రి గుర్తని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. సంగతి తెలిసిపోయినట్టే. కాఫీ వద్దని సైగ చేసి, మజ్జిగ తెప్పించుకుని తాగి ఆయన పెరట్లోకి వెళ్లేసరికి ఆమెకు మిగిలిన కాస్త సందేహమూ తీరింది.

"సంతోషూ, లేయిరా!" అని కొడుకు దుప్పటి లాగింది. "మీ నాయిన మూడో దోసె వద్దన్నాడు!"

సంతోష్ మంచం మీంచి ఎగిరి కూర్చున్నాడు. "అయ్యయ్యో! నా బైకు సంగతి తెలిసిపోయిందా?"

"బైకుకు ఏమైంది?"

"ఏం కాలే. నువ్వు చెప్పు."

"తాత కుర్చీ లేకుండా ఇంటికి రావద్దు, పో."

సంతోష్ బైకు వైపు చూడకుండా వెళ్లి షేర్ ఆటో ఎక్కాడు. గోమతి సత్రపట్టిలో ఉన్న అన్న సుబ్రమణియన్‌కు ఫోను చేసింది. తగాదాలు తీర్చడంలో ఆయనకు పేరుంది. తీర్చే చోట భోజనం బాగుండాలన్నది ఒక్కటే ఆయన నియమం.

"ఏడవద్దు పాపా, నేను వస్తా ఉండాను. ఉర్లగడ్డ వేపుడు చెయ్యి. బావ మెత్తబడతాడు."

బంగాళాదుంపల వేపుడు సగంలో ఉండగా సంతోష్ ఫోను చేశాడు. "అమ్మా, కన్నుసామి కుర్చీని మంసాపురంలో సెలూనుకు ఇచ్చేసినాడు. నేను సెలూన్లోనే ఉండాను. కుర్చీలో ఒకాయన సగం గడ్డంతో కూచోనుండాడు."

"లేపు!"

"లేపితే కత్తి తగలతాది. ఇంకోటి, సెలూనాయనకు కుర్చీకి బదులు నీ ఇడ్లీ చట్టి కావాలంట. కన్నుసామి చెప్పి ఆశ పెట్టినాడు."

గోమతి చట్టి వైపు చూసింది. అందులో ఇంకా ఒక్క వాయి ఇడ్లీ కూడా వెయ్యలేదు. "సరి, ఇస్తామను" అంది, చట్టిని కొంగుతో ఓసారి తుడిచి.

మధ్యాహ్నం ఆకులు వేశారు. సుబ్రమణియన్ బావ పక్కనే చేరాడు. పాండురంగన్ పిడికెడు అన్నం పెట్టించుకుని, పులుసులో శనగల్ని వేలితో ఆకు అంచుకు నెట్టాడు. శనగలంటే ప్రాణం పెట్టే మనిషి! గోమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బావా, కోపం పోనీ. ఈ పులుసు చూడు, ఎంత రుచిగా ఉండాదో" అని సుబ్రమణియన్ రుచి తెలియజెప్పడానికి తనే ఓ గరిటె వేయించుకున్నాడు. పాండురంగన్ నమిలాడు.

"నువ్వు తినకుంటే పాప మనసు ఏమవతాది, పాపం? ఇదో, నీ వంతు కూడా నేనే తింటా."

పాండురంగన్ నములుతూనే ఉన్నాడు. ఒకరి మౌనం పెరిగేకొద్దీ మరొకరి ఆకులో వడ్డన పెరిగింది. వేపుడు గిన్నెలో అడుగు కనిపించింది. అప్పళాల డబ్బా ఖాళీ అయింది.

అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. పైన తాడుతో కట్టిన వాలుకుర్చీ, దాని గుడ్డకు ఇంకా ఆరని గడ్డం సబ్బు నురగ. ఇడ్లీ చట్టి అదే ఆటోలో మంసాపురం వెళ్లిపోయింది. గోమతి ఇక ఆగలేకపోయింది.

"నేనే ఇచ్చేసినానండీ! చట్టి మింద ఆశ పడినా. తప్పయిపోయింది. ఇదో, మీ నాయిన కుర్చీ. నోరు తెరిచి తిట్టండి!"

పాండురంగన్ నోట్లోది నిదానంగా మింగాడు. మజ్జిగ ఓ గుక్క తాగాడు. "మళ్లా తెచ్చినావా దీన్ని?" అన్నాడు దిగులుగా.

"ఏందీ?"

"కడుపు బెలూను మాదిరి ఉబ్బతా ఉండాదని నిన్న డాక్టరు దగ్గరికి పోయినా. తినేటప్పుడు మాట్లాడితే గాలి మింగతావు, నోరు మూసుకొని మెల్లగా నములు, కొంచెంగా తిను, శనగలు, కాఫీ కొన్నాళ్లు ఆపు, తినగానే ఒరగద్దు అని చెప్పినాడు. ఆ కుర్చీ కంటపడితే ఒరగకుండా ఉండలేను. పొయ్యిందని ఎంత నిమ్మళంగా ఉంటిని!"

"నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"పోయినతూరి గ్యాసని నీకు చెప్పితే, సాయంత్రంలోపల వీధిలో ఇంటింటినుంచీ కషాయం వచ్చె. అన్నీ తాగినా. దాంతో ఇంకా ఉబ్బె." ఆయన కొడుకు వైపు తిరిగాడు. "అవునురా, పొద్దున ఏందో బైకంటివే, పెరట్లోకి వినిపించె?"

సంతోష్ గబగబా ఆకు ముందు కూర్చుని నోటినిండా అన్నం పెట్టుకున్నాడు. తినేటప్పుడు మాట్లాడకూడదు కదా.

చట్టి పోయింది, కుర్చీ వచ్చింది. అది ఇంట్లో ఎవరికీ అక్కరలేదు, సుబ్రమణియన్‌కు తప్ప. ఆయన చెయ్యి కడుక్కుని, నురగనైనా తుడవకుండా అందులో కూలబడ్డాడు. కడుపు డప్పులా బిగిసింది.

"అన్నా, పాయసం!" గోమతి సంతోషం పట్టలేక గిన్నె నిండా తెచ్చింది.

సుబ్రమణియన్ గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని, ఒకసారి తప్పి, రెండోసారికి లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా, ఒక్క మాటైనా అనకుండా గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

పెళ్లిలో అన్న పెట్టిన ఇత్తడి నీళ్ల అండా పోయిన దీపావళికి కన్నుసామికే వేసిన సంగతి గోమతికి అప్పుడు గుర్తుకొచ్చింది.