చక్రం చాటున చిరిగిన బూటు

పాత కారును రోడ్డు మీద తిప్పుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. దాన్ని తక్కువ ఖర్చులో బాగు చేయించుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. (ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉంటే దాని మీద అప్పీలు చేసుకునే వీలుండేది.)

మా అక్కయ్య ఫిజియోథెరపిస్టు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లచేత నాలుగడుగులు వేయించి, అందుకు వాళ్లు తిట్టే తిట్లు తిని వస్తుంది. ఆ తిరుగుడుకి ఆమెకో కారుంది. అది ఇప్పటికి మూడు లక్షల కిలోమీటర్లు తిరిగింది. మా బావ దాన్ని ముసలిది అంటాడు, అక్కయ్య పక్కన లేనప్పుడు. ఆమెకు పనిచ్చే సంస్థ నియమం ప్రకారం, కారుకు ఫిట్‌నెస్ పత్రం ఉంటేనే పేషెంట్లను కేటాయిస్తారు. అంటే, ముందు కారు సరిగ్గా నడిస్తేనే తర్వాత మనుషులు నడవడానికి అర్హులు.

పత్రం గడువు తీరబోతోందని అక్కయ్య కారును తనిఖీ కార్యాలయానికి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి తనిఖీ అధికారి పొడవాటి కర్రకు కట్టిన అద్దాన్ని కారు కిందికి తోసి, అందులోకి చాలాసేపు చూశాడు. తల దువ్వుకుంటున్నాడేమో అనుకున్నాను.

"యాక్సిల్ బూటు చిరిగిందమ్మా," అన్నాడు చివరికి.

"అంటే ఏంటి సార్?"

"ఇంజను నుంచి చక్రానికి ఒక కడ్డీ వెళ్తుంది. దాని కీలు మీద రబ్బరు తొడుగుంటుంది. అదీ బూటంటే. అది చిరిగితే లోపలి గ్రీజు కారిపోతుంది, దుమ్ము చేరుతుంది, కీలు అరిగిపోతుంది. బూటు మార్పించుకుని రండి."

అని, కాగితం మీద ఎర్రముద్ర గుద్దాడు. రబ్బరు ముక్కే కదా అనుకున్నాం. అప్పటికి మాకు లోకజ్ఞానం తక్కువ.

మర్నాడు బావను కూడా వెంటబెట్టుకుని కంపెనీవారి సర్వీసు సెంటరుకు వెళ్లాం. కౌంటరులో అమ్మాయి కారు నంబరు కంప్యూటర్లో కొట్టి, ముఖం దిగులుగా పెట్టి, మమ్మల్ని 'వీడ్కోలు విభాగం' అని రాసి ఉన్న గదిలోకి పంపింది. లోపల వీడ్కోలు అధికారి లేచి నిలబడి అక్కయ్య ముందుకు టిష్యూల డబ్బా జరిపాడు.

"ఎన్నాళ్లు కలిసున్నారు మేడమ్?"

"ఎవరితో?"

"బండితో."

"అది ఇంకా బాగానే ఉందండీ. రబ్బరు తొడుగొకటి చిరిగింది, అంతే."

"మొదట్లో అందరూ అలాగే అంటారు," అన్నాడాయన ఎంతో ఓర్పుగా.

ఆయన వివరించిందాని ప్రకారం, రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండిని వారి సిస్టమ్ కారుగా గుర్తించదు. 'జ్ఞాపకం' అనే పద్దులోకి మార్చేస్తుంది. జ్ఞాపకాలకు విడిభాగాలు అమ్మరు. బూటు కావాలంటే యాక్సిల్ మొత్తం కొనాలి. ఒకవైపు కొత్త యాక్సిల్, రెండోవైపు పాతది ఉంటే పాతది నొచ్చుకుంటుంది కాబట్టి (ఆయన వాడిన మాట 'అసమతుల్యత') రెండూ కొనాలి. అయితే రెండు కొత్త యాక్సిళ్లను అంత పాత గేరుబాక్సుకు బిగించడం కంపెనీ మర్యాదకు భంగం. అన్నీ కలిపి ఆయన చెప్పిన అంకె విని, బావ తాగుతున్న కాఫీని కింద పెట్టేశాడు, అది కూడా అందులో కలిపారేమోనని.

"చొక్కా గుండీ ఊడితే చొక్కానే పారేస్తారా మీరు?" అంది అక్కయ్య.

"ఛ ఛ, మేమెందుకు పారేస్తాం మేడమ్! కొత్త చొక్కా చూపిస్తాం, పాతది మీరే పారేస్తారు." అంటూ కొత్త కార్ల బొమ్మల పుస్తకం తెరిచాడు.

బయటికొచ్చాక బావ, "నాకొదిలెయ్, నే చూసుకుంటాగా," అన్నాడు. ఆయన ఈ మాట అన్నప్పుడల్లా వాళ్లింట్లో పనికిరాని వస్తువొకటి పెరుగుతుంది. ఈసారి ఫోన్లో ఒక యాప్ తెరిచి బూటు అని వెతికాడు. నల్లటి రబ్బరు, నీళ్లు చొరబడవు, ధర చౌక. రెండ్రోజుల్లో పార్సిలొచ్చింది. విప్పితే మోకాలి దాకా వచ్చే వానాకాలపు బూటు. అదీ ఎడమకాలిది ఒక్కటే.

వాపసు కోసం బావ ఫిర్యాదు పెట్టాడు. 'వస్తువును తొడుక్కుని ఉన్న ఫొటో పంపండి' అని జవాబొచ్చింది. వస్తువు కారుది కాబట్టి, ఆయన న్యాయంగా ఆలోచించి, దాన్ని కారు ముందు చక్రానికి తగిలించి ఫొటో తీసి పంపాడు. సాయంత్రానికి మళ్లీ జవాబు: 'సైజు సరిపోయినందుకు సంతోషం. మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మాకు ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వగలరు.'

ఈలోగా ఫిట్‌నెస్ గడువు తీరిపోయింది. సంస్థ అక్కయ్య పేషెంట్లందరినీ వేరేవాళ్లకు పంచేసింది. అందులో రిటైరైన పోస్ట్‌మాన్ తాతగారు ఒకరు. పక్షవాతం వచ్చి, ఇప్పుడిప్పుడే లేస్తున్నాయన. ఒకరోజు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నిన్న నేను గుమ్మం దాకా వచ్చాను తెలుసా? ఎవరూ పట్టుకోలేదు."

"అయ్యో, ఒంటరిగా ఎందుకు లేచారు తాతగారూ! కొత్తగా వచ్చే అబ్బాయి లేడూ?"

"ఉన్నాడు. సెల్లు చూసుకుంటున్నాడు. నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి."

అక్కయ్య ఫోన్ పెట్టేసింది. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. బావ చెప్పులు వెతుక్కునేలోపే కారు స్టార్టయింది. ఇద్దరం పరుగెత్తుకెళ్లి ఎక్కాం.

టైర్ల కొట్ల వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ గ్రీజమ్మ అంటారు. ఆవిడ కారెక్కి, స్టీరింగు ఒకవైపుకి పూర్తిగా తిప్పి, షెడ్డు ముందు గిరగిరా రెండు చుట్లు తిప్పింది. తర్వాత రెండోవైపుకి తిప్పి మళ్లీ తిప్పింది. చెవి మాత్రం కిటికీ బయటే ఉంది.

"టకటక చప్పుడు లేదు. కీలు బతికే ఉంది. బూటు మారిస్తే చాలు," అని దిగి, నిట్టూర్చింది. "ఇంకో నెల ఇలాగే తిప్పి ఉంటే యాక్సిలే వెయ్యాల్సొచ్చేది. నాకు నాలుగు డబ్బులు మిగిలేవి. తొందరపడి వచ్చేశావు తల్లీ."

"కంపెనీ బూటేనా వేసేది?" అన్నాడు బావ.

"కంపెనీ పేరుకి వేరే డబ్బులు. నేను రబ్బరుకే తీసుకుంటా. పేరు కావాలంటే పెన్నుతో రాసిస్తా."

కడ్డీ ఊడదీసి, పాత గ్రీజు తుడిచి, కీలు కడిగి, కొత్త గ్రీజు కూరి, రబ్బరు తొడిగి, రెండు చివరలా క్లిప్పులు బిగించింది. రెండోవైపు బూటు కూడా పగుళ్లిచ్చిందని, అదీ మార్చేసింది. ("మళ్లీ మీ మొహాలు చూసే ఓపిక నాకు లేదు," అంది.) అయిన ఖర్చు, వీడ్కోలు అధికారి చూపించిన కొత్త కారులో కాళ్ల కింద వేసుకునే పట్టాకి కూడా సరిపోదు.

మర్నాడు తనిఖీ కార్యాలయానికి వెళ్తే, అధికారి చేతిలో కర్ర ఉంది గానీ చివర అద్దం లేదు.

"దాని గడువు తీరిందమ్మా. అద్దానికీ ఫిట్‌నెస్ పత్రం ఉండాలి కదా. పరీక్షకు పంపాం."

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేం. దాన్ని పరీక్షించడానికి వాళ్ల దగ్గర ఇంకో అద్దం లేదట."

"పోనీ, మీరే ఒకసారి వంగి చూడండి సార్."

"వంగడం నిబంధనల్లో లేదు," అని పైకే అని, ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వంగలేనమ్మా. మోకాళ్లు. కింద కూర్చుని ఎన్నేళ్లయిందో."

వెనక బళ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. అక్కయ్య కారులోంచి పట్టా తీసి నేలమీద పరిచింది. ఒక కుర్చీ లాగి పక్కన పెట్టింది. తర్వాత పేషెంట్ల ఇళ్లలో వాడే గొంతు బయటికి తీసింది.

"కుర్చీ పట్టుకోండి. ఊపిరి బిగపట్టకండి. ముందు ఎడమ మోకాలు... మెల్లిగా. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్లేదు."

ఆయన తిట్టాడు. నిబంధనల్లో లేని మాటలు కూడా వాడాడు. కానీ దిగాడు. అరచెయ్యి నేలకు తగలగానే "ఆనింది!" అని అరిచాడు. హారన్లు ఆగిపోయాయి. అక్కయ్య చప్పట్లు కొట్టింది. ఆయన కారు కిందికి తొంగిచూసి, చాలాసేపు అలాగే ఉండిపోయి, "బాగుంది," అన్నాడు. బూటునో, నేలనో తెలియలేదు. కింద కూర్చునే సంతకం పెట్టాడు.

ఆయన్ని లేపడానికి ఎక్కువసేపే పట్టింది. రోజూ చెయ్యాల్సిన వ్యాయామాలు చెప్పి, అక్కయ్య పత్రాన్ని అక్కణ్ణుంచే సంస్థకు పంపించింది. మేం కారెక్కేలోపే పోస్ట్‌మాన్ తాతగారి పేరు మళ్లీ ఆమె వంతుకు వచ్చింది.

అది భోజనాల వేళ. అధికారి తన సొంత కారెక్కి గేటు దగ్గర మలుపు తిప్పాడు. ముందు చక్రం దగ్గర్నుంచి టకటకటకమని మోత. అక్కయ్య ఆ కారు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మీ బూటు ఎప్పుడో చిరిగి ఉంటుంది! కీలు కూడా పోయింది. మలుపులో ఊడిపోతే ప్రమాదం!"

ఆయన నవ్వి, ముందు అద్దం మీద అంటించిన పత్రాన్ని వేలితో తట్టి చూపించాడు.

"ఏ లోపమూ లేదమ్మా. మొన్ననే నేను స్వయంగా తనిఖీ చేశాను."