లేనివాటికి బదులు అక్షతలు

ఆ ఉదయం మోహనకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే కాలేజీకి చేరి, ల్యాబులోని కంప్యూటర్లన్నిటిలో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించి, తనిఖీ బృందం వచ్చేసరికి తల దువ్వుకుని గుమ్మంలో నిలబడాలి. తనిఖీ గట్టెక్కితే అతని తాత్కాలిక ఉద్యోగం ఖాయం చేస్తామని ప్రిన్సిపాలు దత్తాత్రేయగారు మాట ఇచ్చారు. గట్టెక్కకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. విజయనగరంలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాళ్లకేం కరువు కనుక?

ఎక్కించే పనంతా ఒక స్క్రిప్టు చూసుకుంటుంది. కంప్యూటరు ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా రాసిపెట్టిన ఫైలు అది. నడిపించగానే, కొత్త సాఫ్ట్‌వేరుకు ఆధారంగా ఉండాల్సిన ఫలానా ప్యాకేజీ లేదంటూ ఆగిపోయింది. ఆ ప్యాకేజీకి ఇంకొకటి కావాలట, దానికి మరొకటి. మోహనకృష్ణ ఒకదాని వెంట ఒకటి వెతుక్కుంటూ అడుగుదాకా వెళ్లాడు. అక్కడ తేదీలు సరిచూసే చిన్న ముక్క కనిపించింది. ఎవరో ఎక్కడో కూర్చుని, ఏమీ ఆశించకుండా రాసి లోకానికి వదిలేశారు. దాని మీద ఇంకొకరు, వారి మీద వేరొకరు నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు ఎరగనివాళ్లు కలిసి ఇంత కట్టారా అని అతనికి ఒళ్లు జలదరించింది. పని మరిచి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా వీధిలో కాలువ తవ్వేవాళ్లు నెట్ కేబులు తెంపేశారు. లేనివాటిని తెచ్చుకునే దారి మూసుకుపోయింది.

మోహనకృష్ణ వాళ్లది శ్రీముఖలింగంలో పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. తండ్రి అనంతపద్మనాభంగారు ఎవరింట పూజ చేయించినా, వస్త్రం లేకపోతే వస్త్రానికి బదులు అక్షతలు, ఆభరణం లేకపోతే ఆభరణానికి బదులు అక్షతలు వేయించి, మంత్రం ఆపకుండా సాగిపోతారు. దేవుడు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఆ ఇంట పెరిగినవాడికి ఉపాయం తోచకుండా ఉంటుందా? స్క్రిప్టులో నాలుగు వరసలు కలిపాడు. ఏది లేకపోతే దాని పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టి, ఉన్నట్టే లెక్కగట్టి, ముందుకు నడవమన్నాడు. పాతబడినవి ఉంటే తీసేసి, వాటినీ లేనట్టే చూడమన్నాడు. నెట్ వచ్చాక అసలువి తెచ్చిపెట్టవచ్చులే అనుకున్నాడు.

పాతవి తీసేయమన్న ఆ చివరి వరసే కొంప ముంచింది.

స్క్రిప్టు క్షణంలో పూర్తయింది. తెరలన్నిటి మీదా ‘అన్నీ అమరినవి’ అని వచ్చింది. అటుగా వచ్చిన దత్తాత్రేయగారు ముక్కున వేలేసుకున్నారు.

"కేబులు తెగిపోయినా ఎక్కీసిందేటయ్యా?"

మోహనకృష్ణ అసలు సంగతి చెప్పబోయాడు. అద్భుతాన్ని కళ్లారా చూసినవాళ్లు వివరణ వినరు. ఆయన ఆ మాట ఆఫీసులో చెప్పారు, ఆఫీసువాళ్లు లైబ్రరీలో చెప్పారు. సూపరింటెండెంటు పద్మకుమారిగారు స్క్రిప్టు ఉన్న పెన్‌డ్రైవు లాక్కుపోయి, ఏడాదిగా మూలుగుతున్న ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ పెట్టేసింది. అది చేతులు మారుతూ లైబ్రరీ చేరింది. మోహనకృష్ణ వెంటపడి అందుకునేసరికి ఆఫీసులో రసీదులు రావు, ప్రింటరు పలకదు. లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో తెలియదు. అన్ని తెరలూ మాత్రం అన్నీ అమరినవనే అంటున్నాయి.

సరిగ్గా అప్పుడే తనిఖీ బృందం కారు దిగింది.

బృందానికి పెద్ద జగదీశ్వరిగారు, కంప్యూటర్లలోనే తల నెరిసిన మనిషి. ల్యాబులో కొత్త సాఫ్ట్‌వేరు తెరవబోతే తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఆవిడ స్క్రిప్టు తెప్పించుకుని చదివింది. మోహనకృష్ణ అక్షతల సంగతి అంతా చెప్పేశాడు.

"వస్త్రం లేకపోతే అక్షతలు వెయ్యొచ్చు బాబూ," అంది ఆవిడ. "పీఠం మీద దేవుడే లేకపోతేనో?"

అతను తల వంచుకున్నాడు. ఉద్యోగం పోయిందని అతనికి అర్థమైంది. దత్తాత్రేయగారు కూడా ఆ మాటే పైకి అన్నారు, ఈ పూటే పంపించేస్తానని.

"పంపండి. కానీ ఏ కంప్యూటర్లో ఏటి తీసీసేడో, అతనికి కాక ఇంకెవరికి తెలుసు?" అంది జగదీశ్వరిగారు.

గుమ్మంలోంచి పద్మకుమారిగారు మెల్లగా అంది: "పంపీకండి సార్. మన జీతాల బిల్లులు కూడా ఆ ఆఫీసు కంప్యూటర్లలోనే ఉన్నాయి."

దత్తాత్రేయగారు కుర్చీలో కూలబడ్డారు.

జగదీశ్వరిగారు తన ఫోనులోంచి నెట్ ఇచ్చింది. ఏదైనా లేకపోతే దాని పేరు చెప్పి ఆగమని, తెచ్చిపెట్టాకే కదలమని స్క్రిప్టు తిరగరాయించింది. ఈసారి అది నిజాయితీగా అడుగుతూ అడుగుదాకా దిగింది. ముందు ఆ తేదీల ముక్క వచ్చి కూర్చుంది, తర్వాత దాని మీదిది, ఆ తర్వాత ఆ పైది. ఒక్కొక్కటీ వస్తుంటే గదిలో అందరూ తెర దగ్గరికి జరిగారు. చివరికి తెర మీద రంగులు విచ్చుకుని సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. దత్తాత్రేయగారు తనకు తెలియకుండానే చేతులు జోడించారు.

"ఎంతమంది చేసిందో సూడండి," అంది జగదీశ్వరిగారు. ఎన్నేళ్లుగానో చూస్తున్నదే అయినా ఆవిడ తెర మీంచి చూపు తిప్పుకోలేదు. మోహనకృష్ణకి కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నానికల్లా ల్యాబు నిలబడింది, తనిఖీ గట్టెక్కింది. ఆఫీసు, లైబ్రరీ దారికి రావాలంటే నెలలు పడతాయని, అది మోహనకృష్ణ ఒక్కడివల్లే అవుతుందని తేలింది. అతని ఉద్యోగం ఆ పూటే ఖాయమైంది. ఉత్తర్వు మాత్రం దత్తాత్రేయగారు సొంత దస్తూరీతో రాసి ఇవ్వవలసి వచ్చింది.