అధ్యక్షుల వారి ముఖంపై త్రిసభ్య విచారణ

ఇందుమూలంగా సమస్త తెలుగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, మలేషియాలో తెలుక్ ఇంటాన్‌లోని దిగువ పేరాక్ తెలుగు అభ్యుదయ మండలి అధ్యక్షులు శ్రీ వీరాస్వామి గారు చూడడానికి యూదుడిలా ఉన్నారా లేరా, ఉంటే అది అవమానమా సన్మానమా అన్నది తేల్చడానికి ఏర్పాటైన త్రిసభ్య విచారణ సంఘం, మూడు సమావేశాలూ ఆరు పళ్ళాల వడలూ ముగించుకుని తన పని పూర్తి చేసింది. ఫలితం సంతృప్తికరంగా ఉంది. ఎవరికి సంతృప్తికరమో చివర్లో మనవి చేస్తాను.

నేను మండలి రికార్డింగ్ కార్యదర్శిని. పేరు సన్యాసి. మండలి నిబంధనల ప్రకారం మినిట్స్ తెలుగులోనే రాయాలి. మా నాన్న ఎస్టేట్ కూలీల లైనింట్లో పలక మీద నేర్పిన నాలుగక్షరాల పుణ్యాన ఆ పని నాకు దక్కింది. పద్నాలుగేళ్ళుగా రాస్తున్నాను. ఇంతవరకు ఒక్క సభ్యుడూ చదవలేదు. మావాళ్ళకు, మాట చివర మలేషియా వాళ్ళ 'లా' తగిలించి, తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిచదువు కొందరికి తమిళంలో, కొందరికి మలయ్‌లో, కొందరికి ఇంగ్లీషులో సాగిపోయింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మండలి పెద్దలు సిగ్గుపడతారు, అందుకే చదవడం రాదని ఎవరూ ఒప్పుకోరు. నేను మినిట్స్ ముందు పెడితే పేజీలు తిప్పి, ఎక్కడ వేలు పెడితే అక్కడ తలూపి, సంతకం పెడతారు. ఆ ధైర్యంతోనే నాకు మినిట్స్‌లో నిజాలు రాసే దురలవాటు అబ్బింది.

సంగతేమిటంటే, మొన్న ఉగాది విందులో మండలి హాల్లో అధ్యక్షుల వారి నిలువెత్తు ఫొటో తెర మీద వేశారు. కామెరన్ హైలాండ్స్ చలికి కొనుక్కున్న నల్ల టోపీ, కొత్తగా పెంచిన తెల్ల గడ్డం, పుట్టుకతో వచ్చిన పొడుగు ముక్కు. వేదిక మీద వ్యాఖ్యాత దర్షిణి. ఫార్మసీలో పని చేస్తుంది, ప్రతి శనివారం మండలి వెనక గదిలో పదకొండు మంది పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. జిల్లా మొత్తానికి మిగిలిన తెలుగు తరగతి అదొక్కటే. ఆ పిల్ల ముందువరసలో కూర్చున్న తన అమ్మమ్మ అప్పలమ్మ వైపు వంగి, మైకు ఆపాననుకుని, "అమ్మమ్మా, ఈ ఫొటోల పెద్దయ్య అచ్చం యూదుడి లాగున్నాడు లా" అంది.

మైకు ఆగలేదు. రెండు వందల మంది విన్నారు. పులిహోర వడ్డిస్తున్న గరిటె గాలిలోనే ఆగింది.

ఇక్కడ పాఠకులకు మా మండలి చరిత్ర కొంచెం తెలియాలి. ముఖం విషయంలో మేము సున్నితులం. మా ప్రతి ఉపన్యాసమూ "మన ముఖం చూసి అందరూ తమిళులనుకుంటున్నారు" అన్న ఆవేదనతో మొదలవుతుంది. ఎక్కువభాగం తమిళంలోనే మొదలవుతుంది. పన్నెండేళ్ళ క్రితం ఒక లారీ డ్రైవరు అధ్యక్షుల వారిని నడిరోడ్డు మీద ఒక మాట అన్నాడు. ఇక్కడి భారతీయులందరికీ తెలిసిన మాట, నేను రాయను. దాని మీద మూడేళ్ళు మహజర్లు పెట్టాం. అలాంటి వాళ్ళం ఈ వ్యవహారాన్ని నవ్వి ఊరుకుంటామా?

మర్నాడే వెనక గది తాళంచెవి దర్షిణి దగ్గర నుంచి తీసేసుకున్నారు. విచారణ తేలేదాకా తరగతి బంద్. తరగతి పోతే తాను పోయినంత పని అని ఆ పిల్ల అన్నది. అధ్యక్షుల వారు "రూల్ ఈజ్ రూల్" అన్నారు. సంఘానికి ఛైర్మన్‌గా ఇన్స్యూరెన్స్ ఏజెంటు కిశోర్‌కుమార్, సభ్యులుగా టైలరు పెద్దన్న, తమిళ బడిలో రిటైరైన టీచరు యోగేశ్వరి నియమితులయ్యారు. రాసేవాణ్ణి నేను.

మొదటి సమావేశంలో ఛైర్మన్ గారు సూటిగా అడిగారు, "మనలో యూదుణ్ణి సూసినోళ్ళెవరు?" ఎవరూ లేరు. మరొక సంఘమైతే ఇక్కడితో ఇంటికి పోయేది. మాది కార్యశూరుల సంఘం. చూడని వస్తువు గురించి నిర్ణయం చేయడంలో పక్షపాతానికి తావుండదని ఏకగ్రీవంగా తీర్మానించింది. యూదుడి ఆనవాలంతా ముక్కులోనే ఉందని ఛైర్మన్ గారి ఫోన్‌కు వార్త వచ్చినందువల్ల, పెద్దన్న టేపు తీసి అధ్యక్షుల వారి ముక్కు కొలిచాడు. తర్వాత పోల్చి చూడడానికి అందరి ముక్కులూ కొలిచాడు. అందరికన్నా పొడుగు ముక్కు ఛైర్మన్ గారిదేనని తేలడంతో ఆ కొలతలు కొట్టివేయాలని ఛైర్మన్ గారు ఆదేశించారు. దర్షిణి ముక్కు కొలిచినప్పుడు పెద్దన్న, "ఇదేటే, మీద ఎవులో కూకుండిపోయినట్టున్నాదీ ముక్కు! నీకు బ్లౌజు కుట్టొచ్చు గానీ కళ్ళజోడు పెట్టలేం" అన్నాడు. మినిట్స్‌లో 'నవ్వులు' అని రాశాను.

తాను ఎందుకన్నదో చెప్పమని దర్షిణిని అడిగారు. "ఇపో టౌను లైబ్రరీల ఒక పుస్తకం సూసినాను. అందుల వయొలిన్ వాయించే ముసలాయన బొమ్మున్నాది. గెడ్డం, నల్ల టోపీ. కింద యూదుడని రాసున్నాది. సానా అందంగా ఉన్నాడు. పెద్దయ్యని సూడగానే అదే గుర్తొచ్చినాది. మంచికే అన్నాను."

యోగేశ్వరి టీచరు కళ్ళజోడు సవరించుకుని, "మంచికో సెడుకో తరవాత. ముందు నీ మొకం సూసుకో. సైటులో సిమెంటు మోసే బంగ్లాదేశు పిల్ల లాగున్నావు. నిన్ను తెలుగు టీచరంటే ఎవులు నమ్ముతారు?" అంది. 'నవ్వులు.'

రెండవ సమావేశం నాటికి గాలి మళ్ళింది. యూదులు మహా తెలివైనవాళ్ళని యోగేశ్వరి టీచరు ఎక్కడో విన్నదట. లోకం మొత్తాన్ని వాళ్ళే నడుపుతున్నారని ఛైర్మన్ గారి ఫోన్‌లో మరో వార్త ఉంది. ఫోన్‌లో వచ్చినదానికి ఆధారం అడగడం మర్యాద కాదు గనుక సంఘం నమ్మింది. అయితే ఇది పొగడ్తే! అధ్యక్షుల వారు ఆ రోజు టోపీ పెట్టుకుని వచ్చారు. కుర్చీలో వెనక్కి వాలి, లోకాన్ని నడిపేవాడు ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నారు. దర్షిణికి స్వహస్తాలతో వడ అందించారు. "పిల్లకి కన్ను మంచిదే లా. ఒంటి రంగే కుసింత లేదు. ఈసారి స్టేజీ మీద లైటు దీని మీద పడకండ సూడండి" అని చమత్కరించారు. 'నవ్వులు.' తాళంచెవి ఆ సాయంత్రమే ఇచ్చేసేవారు, కానీ ఇంటికి పోతూ ఛైర్మన్ గారు ఒక సందేహం లేవదీశారు. "అన్నా, మార్కెట్టుల మలయ్ వోళ్ళకి తెలిస్తే ఏటనుకుంతారు?"

మలయ్‌వాళ్ళు ముస్లింలు, యూదుడన్న పేరుకు ఇక్కడి మార్కెట్లో గిరాకీ లేదు. దాంతో లోకాన్ని నడపడం ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే అధ్యక్షుల వారు గడ్డం తీయించేసి, టోపీ బీరువాలో పెట్టి, ముఖానికి పరీక్ష పెట్టుకోవడానికి మార్కెట్‌కి వెళ్ళారు. ముప్పై ఏళ్ళుగా ఆయనకు చేపలమ్మే మలయ్ పెద్దమనిషి ఆయన్ని ఎగాదిగా చూసి, "గడ్డం తీసేశావే, వయసు తగ్గింది. ఏం కావాలి తమిళయ్యా?" అన్నాడు. యూదుడన్న ఊసే లేదు. అధ్యక్షుల వారు చేప తీసుకోకుండా మండిపడుతూ వచ్చి, తెలుగు జాతికి జరిగిన ఈ తాజా అవమానాన్ని కూడా విచారణలో చేర్చమన్నారు. దానికి కూడా మూలం దర్షిణేనని ఛైర్మన్ గారు కనిపెట్టారు. ఆ పిల్ల ఆ మాట అనకపోతే గడ్డం పోయేది కాదు, గడ్డం ఉంటే తమిళుడనేవాడు కాదు. తర్కంలో లోపం నాకు కనబడింది. రాసుకున్నాను, అనలేదు.

మూడవ సమావేశానికి ఒక విదేశీ నిపుణురాలిని పిలవాలని తీర్మానమైంది. లియా అనే అమ్మాయి మెల్‌బోర్న్ నుంచి వచ్చి, మూడు నెలలుగా అప్పలమ్మ పక్కన కూర్చుని ఎస్టేట్ తెలుగు రికార్డు చేసుకుంటోంది. తెల్లవాళ్ళందరినీ ఇక్కడ 'మాట్ సల్లే' అంటారు, ఆవిడా అంతే. తెల్లది గనుక అన్నీ తెలిసే ఉంటాయని సంఘం నమ్మకం. ఛైర్మన్ గారు ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే ఆవిడ వారించి, అప్పలమ్మ నేర్పిన తెలుగులోనే మాట్లాడింది. ఆ గదిలో అంత శుద్ధమైన ఎస్టేట్ తెలుగు నేను విని చాలా కాలమైంది.

"యూదులు ఎలాగుంతారో సెప్పగలరా?" అని అడిగారు ఛైర్మన్ గారు.

"మాయమ్మ లాగుంతారు. పొట్టిగా ఉంతాది. మోకాళ్ళ నొప్పులు. మానాన్న లాగా ఉంతారు, ఆయనకి బట్టతల. నా లాగా ఉంతారు."

పెద్దన్న చేతిలో టేపు జారి కింద పడింది.

"ఆ రోజు దర్షిణి అన్న మాట నానూ విన్నాను. నవ్వొచ్చినాది. కుసింత గుచ్చుకున్నాది కూడా. ఆ సంగతి దానికే సెప్పినాను, అది నా సెయ్యి పట్టుకున్నాది. మాతాత సిన్నప్పుడు మేస్టరు ఆయన్ని కలాసులో అందరి ముందర నిలబెట్టి, మొకం సూపించి, యూదు మొకం ఇలాగుంతాదని పాఠం సెప్పినాడంట. మర్నాటి నించి ఆయన్ని బడికి రానీలేదు. మాట ఒకటే. ఎవులన్నారు, అన్నాక ఏటి సేసినారు, అది సూడాలి. ఈ పిల్ల మాటకి ఎవులి బడి మూసినారు?"

మూసింది ఏ బడో అందరికీ తెలుసు. వెనక గదికి తాళం వేసి నాలుగు వారాలైంది. నేను ఆ ప్రశ్నను మినిట్స్‌లోకి ఎక్కించాను.

లియా వెళ్ళిపోయాక సంఘం ఆమె సాక్ష్యాన్ని కూలంకషంగా చర్చించింది. ఆమెది చిన్న ముక్కు. జుట్టు ఎర్రన. టోపీ లేదు. కాబట్టి, 'సాక్షి ముఖం సాక్ష్యంతో సరిపోలనందున సదరు సాక్ష్యాన్ని తోసిపుచ్చడమైనది' అని నా చేత రాయించారు. తుది తీర్పు కూడా అక్కడే వెలువడింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముఖం గురించి అన్నది చనువు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముఖం గురించి అన్నది అవమానం. దర్షిణి లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పుకుంటే తాళంచెవి ఇస్తారు, లేకపోతే ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు పెడతారు. మండలి గౌరవానికి తగినట్టు ఆ క్షమాపణ అచ్చ తెలుగులో, తెలుగు లిపిలో ఉండాలని అధ్యక్షుల వారు పట్టుబట్టారు.

ఆదివారం దర్షిణి వచ్చింది. రెండు చేతులతో కాగితం అందించి, తలవంచుకుని నిలబడింది. ముత్యాల్లాంటి అక్షరాలు. అధ్యక్షుల వారు అందుకుని, పెదవులు కదుపుతూ కిందిదాకా చూసి, నిట్టూర్చి, "మంచి భాష" అన్నారు. ఛైర్మన్ గారు మధ్యలో ఒకచోట ఆగి, "ఈ ముక్క గుండెని తాకినాది లా" అన్నారు. యోగేశ్వరి టీచరు కళ్ళు తుడుచుకుంది. పెద్దన్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా తృప్తిగానే తలాడించాడు. చివరికి నా చేతికొచ్చింది.

అందులో ఇలా ఉంది:

"నేను ఎరగని మనుషుల్ని ఒక గడ్డం, ఒక టోపీ కింద దించేసినాను. అది లియాకి గుచ్చుకుంది. ఆమెకి తప్పయిందని చెప్పినాను. మళ్ళీ అనను. మిగతావి కూడా రాస్తున్నాను. పెద్దన్న మామ నా ముక్కు మీద ఎవరో కూర్చున్నారన్నాడు. యోగేశ్వరి టీచరు నన్ను బంగ్లా పిల్లన్నది. సిమెంటు మోసే ఆ పిల్లలు మా ఫార్మసీకి మందులకి వస్తారు, వాళ్ళకీ ముఖాలున్నాయి. కిశోర్ అన్న ఛైర్మన్ కుర్చీలో కూర్చుని ఇదంతా విని నవ్వినాడు. అధ్యక్షులు నా మీద లైటు పడనివ్వొద్దన్నారు. వీళ్ళెవరూ నాకు క్షమాపణ చెప్పలేదు. వీళ్ళెవరూ ఇది చదవలేరు. సన్యాసి తాత ఒక్కడే చదవగలడు. ఆయన ఏమీ అనలేదు. పుస్తకంలో 'నవ్వులు' అని రాసినాడు. ఆ నవ్వుల్లో ఆయన నవ్వు కూడా ఉన్నాది."

"ఎలాగున్నాది కార్యదర్శి గారూ?" అన్నారు అధ్యక్షుల వారు.

తలెత్తి చూశాను. దర్షిణి నావైపే చూస్తోంది. నేను పైకి చదివితే తరగతి పోతుంది. చదవకపోతే పద్నాలుగేళ్ళుగా చేస్తున్నదే మళ్ళీ చేసినట్టు. జన్మలో మొదటిసారి నా పిరికితనం ఎవరికైనా పనికొచ్చే అవకాశం దొరికింది.

"బాగా రాసింది. నిజంగా బాగా రాసింది," అన్నాను.

తాళంచెవి ఇచ్చేశారు. తెలుగు చదవడం రాని పెద్దల వల్లనే మా జిల్లాలో తెలుగు తరగతి బతికింది. ఇంతటి భాషాసేవ మరే మండలీ చేసి ఉండదు. ఆ క్షమాపణ పత్రానికి ఫ్రేము కట్టించి, అధ్యక్షుల వారి ఫొటో పక్కన, వెనక గదికి వెళ్ళే దారిలో తగిలించారు. పండగలకు దండ కూడా వేస్తున్నారు. పిల్లలు ప్రస్తుతం గుణింతాల్లో ఉన్నారు. వచ్చే ఉగాదికి ఒత్తులు పూర్తవుతాయని దర్షిణి చెప్పింది. ఫ్రేము సరిగ్గా వాళ్ళ కళ్ళ ఎత్తున ఉంది. ఫలితం ఎవరికి సంతృప్తికరమో అప్పుడు వాళ్ళే చదివి చెబుతారు.

ఇక తమరు. తమరికి తెలుగు చదవడం వచ్చునని ఇంతదాకా వచ్చారంటేనే తెలుస్తోంది. ముక్కు మీద ఎవరో కూర్చున్నారన్న చోట తమరు నవ్వారో లేదో నేను చూడలేదు. నవ్వి ఉంటే దయచేసి పేరు తెలియజేయండి. మినిట్స్‌లో 'నవ్వులు' పక్కన నా పేరు చేర్చాను, దాని కింద ఇంకా చోటుంది.