వంటింట్లో నక్క

ఉదయం ఐదున్నరకు సర్వేయరుగారి కూతురు వంటింట్లో నిలబడి మధ్యాహ్నం భోజనం ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకుంటోంది. అడుగున అన్నం, ఒక పక్కగా కూర. మూత నాలుగు మూలలా అరచేత్తో నొక్కి, డబ్బాను నీలం గుడ్డసంచిలో పెట్టి, గట్టు మీద ఉంచి స్నానానికి వెళ్ళింది. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం ఆమె అటు వెళ్ళగానే ఆ సంచి పక్కన ఇంకో నీలం సంచి చేరింది. అందులోనూ అలాంటి డబ్బాయే ఉంది, దాన్నిండా తీగలూ బ్యాటరీలూ ఉన్నాయి. ఆమె భర్త గ్లాసుడు మంచినీళ్ళు తాగడానికి దాన్ని అక్కడ దించాడు. తాగాడు, గ్లాసు బోర్లించాడు, చేతికందిన సంచి తీసుకొని బయటికి నడిచాడు.

ఈ ఇంటి అల్లుడికి ఉద్యోగం కాలేజీ ల్యాబులో, ప్రాణం మాత్రం రేడియోలో. ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు అద్దం కట్టించి, పెళ్ళి ఫోటో పక్కనే, దానికన్నా జానెడు ఎత్తులో తగిలించాడు. తెల్లవారితే వెనక గదిలో మైకు పట్టుకొని, మొహం కూడా చూడని మనుషుల్ని మీ దగ్గర ఎండెలా ఉంది, గాలెలా ఉంది అని అడుగుతూ ఉంటాడు. మన వాకిట్లో ఎండ సంగతి మాత్రం ఆరేసిన బట్టలకే తెలుసని అతని భార్య అంటుంది.

ఆ ఇంటికి పెద్ద సర్వేయరుగారు. ముప్పై నాలుగేళ్ళు భూములు కొలిచి రిటైరై ఎనిమిదేళ్ళయింది. చలికాలంలో మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఈ నెలాఖరులోగా రోజూ అరగంటైనా నడవకపోతే కాలు ఎంతవరకు వంగుతుందో అంతవరకే ఉండిపోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. నెలలో ఇరవై రోజులు గడిచాయి. ఈ ఇరవై రోజుల్లో సర్వేయరుగారు కుర్చీ నుంచి స్నానాలగదికి, స్నానాలగది నుంచి కుర్చీకి తప్ప ఎటూ కదల్లేదు. నడవండి నాన్నా అని కూతురు బతిమాలినప్పుడల్లా ఎటు నడవాలి అని అడిగేవారు. ఎటైనా అంటే ఒప్పుకునేవారు కాదు.

"ఎటైనా అంటే ఎటూ కాదమ్మా. కొలత గొలుసు పట్టి లెక్క ప్రకారం నడిచినవాణ్ణి. ఊరికే తిరగడానికి నేనేమైనా తప్పిపోయిన దూడనా?"

ఆ మాట అల్లుడి బుర్రలో నాటుకుంది. రేడియోవాళ్ళకి ఒక ఆట ఉంది. నిమిషానికోసారి కూత పంపే చిన్న పెట్టెను ఎక్కడో దాచేస్తారు. మిగతావాళ్ళు చేతిలో రేడియో, దానికి తగిలించిన ఏరియల్ పట్టుకొని, కూత ఏ దిక్కు నుంచి గట్టిగా వస్తుందో చూసుకుంటూ వెతుకుతారు. ఈ ఆటకు నక్కవేట అని పేరు. దిక్కులు చూడటం, గీతలు గీసి అవి కలిసేచోటు పట్టుకోవడం మామగారికి వెన్నతో పెట్టిన విద్య. పడమటి చెట్ల తోపు ఇంటికి పది నిమిషాల దూరం. వసంతం వచ్చింది, నడిచినా చల్లగా ఉంటుంది. పెట్టె అక్కడ దాస్తే నక్కే ఆయన్ని లాక్కుపోతుంది. భార్యకి చెబితే, నక్కో కుక్కో, నాన్న గేటు దాటితే చాలని ఒప్పుకుంది.

తోపులో కొమ్మకొమ్మకీ రాగిరంగు చిగుళ్ళు వేలాడుతున్నాయి. ఎక్కడో వడ్రంగిపిట్ట తలుపు తట్టినట్టు మాను మీద కొడుతోంది. పూలతో నిండిన ఒక పెద్ద చెట్టు మొదట్లో వేళ్ళ మధ్య గుంట చూసి, అల్లుడు సంచిని అందులో పెట్టి ఎండుటాకులు కప్పాడు. పెట్టె స్విచ్చి ఇంట్లోనే వేశాడు కాబట్టి సంచి విప్పలేదు. కొమ్మ మీద ఉడుత ఒకటి ఆ పని మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది. ఎంత తెలివైన జంతువో అనుకున్నాడు. అంత శ్రద్ధగా ఎందుకు చూసిందో అతనికి మధ్యాహ్నానికి గానీ తెలియలేదు.

ఇంటికి వచ్చి, ఆట సంగతి చెప్పి, మామగారి చేతిలో రేడియో పెట్టాడు. ఏరియల్‌ను నీళ్ళ గొట్టం ముక్కకు మూడు ఇనప రేకులు అడ్డంగా బిగించి చేశాడు. సర్వేయరుగారు ఆ రేకుల మీది అంకెలు దగ్గరగా పెట్టుకొని చూశారు.

"ఇది నా టేపు."

"పాతదే కదండీ మామయ్యగారూ."

"కొత్తది కత్తిరిస్తే పోలీసుల్ని పిలిచేవాణ్ణి."

అన్నారే గానీ రేడియో కింద పెట్టలేదు. కూర్చున్నచోటే ఏరియల్ అటూ ఇటూ తిప్పారు. కూత గట్టిగా వినిపించిన చోట ఆగి, గురిచూసి, నీ నక్క వంటింట్లో ఉందని చెప్పారు. అల్లుడు నవ్వాడు. రేడియో తరంగాలు లోహానికి తగిలి ఎలా తిరిగొస్తాయో, వంటింట్లో అన్ని స్టీలు గిన్నెలుంటే దిక్కు ఎలా తారుమారవుతుందో కాగితం మీద బాణాలు గీసి మరీ చూపించాడు. సర్వేయరుగారు ఆ బొమ్మను చివరిదాకా ఓపిగ్గా చూశారు.

"గీత బాగుంది. నక్క మాత్రం వంటింట్లోనే ఉంది."

తొమ్మిదికి కూతురు గట్టు మీది నీలం సంచి భుజానికి తగిలించుకొని, నాన్నా కాస్త అడుగు వేయండి అని చెప్పి ఆఫీసుకు బయలుదేరింది. ఆమె మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజూ నడిచే వెళ్తుంది. ఆమె గేటు దాటిన రెండు నిమిషాలకు సర్వేయరుగారు కుర్చీలో నిటారుగా అయ్యారు. నక్క గుమ్మం దాటింది, తూర్పుకు పోతోందన్నారు. ఎండెక్కేకొద్దీ గాలిలో మార్పు వస్తుందని అల్లుడు ఏదో చెప్పబోయాడు. ఆయన వినలేదు. పుస్తకంలో చెప్పినవి నమ్ముకొని పొలం గట్టు తగాదాలు తీర్చలేదని, అనుమానం వస్తే ఇంకోచోట నిలబడి చూడటమే పద్ధతని, కర్ర ఇటివ్వమని అడిగారు.

ఆ కర్రను డాక్టరు ఇచ్చిన రోజు నుంచి ఆయన ముట్టుకోలేదు. అల్లుడు పరుగున తెచ్చి ఇచ్చాడు. గేటు దగ్గర నిలబడి చూసినా తూర్పే. వీధి మలుపులోనూ తూర్పే. పడమటనున్న నక్క కోసం తూర్పుకు పోతున్నామని అల్లుడికి తెలుసు. కానీ మామగారు నడుస్తున్నారు. ఈ నడకను ఆపి పడమటికి తిప్పితే నేరుగా కుర్చీలోకే తిరుగుతారేమోనని భయం వేసింది. సైన్సుకు మనసులోనే క్షమాపణ చెప్పుకొని ఏరియల్ పట్టుకొని వెంట నడిచాడు.

నూరడుగులకోసారి సర్వేయరుగారికి మోకాలు సలిపేది. ఆ మాట అనకుండా, సర్వేలో కొలతకు ఆగే చోటికి పేరైన "స్టేషన్" అని ఆగేవారు. అల్లుడు ఏరియల్ ఎత్తి ఎదురుగా ఉన్న గోడల మీదుగా తిప్పేవాడు. ఆయన చెవి ఒగ్గి విని, దిక్కును జేబులోంచి తీసిన చిన్న పుస్తకంలో రాసుకునేవారు. మొదటి స్టేషన్ చెప్పుల కొట్టు ఎదుట పడింది. ఆ కొట్టుకు మూడు చెక్కమెట్లు కాలవ దాటి రోడ్డు మీదికి వచ్చి ఉన్నాయి. కొట్టాయన లోపల్నుంచి చూశాడు. రిటైరైన సర్వేయరు, చేతిలో పుస్తకం, పక్కన ఇనప చేతుల యంత్రం పట్టుకొని తన మెట్లకేసి గురిపెట్టిన మనిషి. బయటికొచ్చి ఏం కొలుస్తున్నారని వినయంగా అడిగాడు. పని మధ్యలో పలకరిస్తే సర్వేయరుగారికి మొదట్నుంచీ గిట్టదు.

"దొరికాక చెబుతాను."

కొట్టాయన గుండె జారింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అందుకే రిటైరైన మనిషిని కూడా పిలిపించారు అనుకున్నాడు. వాళ్ళు నాలుగడుగులు వేసేలోపు మూడు మెట్లూ లోపలికి లాగేశాడు. అది చూసి ఎదుటి టైలరు రేకు పందిరి మడిచాడు. టైలరును చూసి రొట్టెల దుకాణం ఆవిడ బెంచీలు ఎత్తించింది. రెండో వీధికి మనుషుల కన్నా ముందు వార్త చేరింది. అక్కడ పూలకుండీలు, బోర్డులు, ఒక మంగలి కుర్చీ, అందులో సగం గడ్డంతో ఉన్న మనిషితో సహా, లోపలికి వెళ్ళిపోయాయి.

అల్లుడు చెప్పుల కొట్టాయన్ని పక్కకు పిలిచి, ఇది రోడ్డు కోసం కాదు, నక్క కోసం అని నిజం చెప్పాడు. ఆయన తల పంకించి, జాలిగా చూశాడు.

"అర్థమైందండీ. బయటికి చెప్పకూడదని పైనుంచి చెప్పుంటారు. మీ ఉద్యోగం మీది."

సర్వేయరుగారికి ఇవేవీ పట్టలేదు. నాలుగో స్టేషన్ దగ్గర మాత్రం వీధిని ఆ చివర్నుంచి ఈ చివరికి చూసి ఆశ్చర్యపోయారు.

"నేను కొలిచినప్పుడు ఈ వీధి ఇంత వెడల్పూ ఉండేదోయ్. మధ్యలో ఎటు పోయిందో, మళ్ళీ వచ్చింది."

పదకొండు స్టేషన్లు దాటి వాళ్ళు మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కేసరికి వెనక పదిహేనుమంది ఉన్నారు. చెప్పుల కొట్టాయన చేతిలో అప్పటికప్పుడు రాసిన అర్జీ ఉంది. హాల్లో కూత చెవులు చిల్లులు పడేలా వస్తోంది. సర్వేయరుగారు ఏరియల్ తానే తీసుకొని ఫ్యాను కింద నిలబడి నెమ్మదిగా తిరిగారు. గురి ఫిర్యాదుల కౌంటరు మీద ఆగింది. కౌంటరు వెనక కూతురు చేతిలో స్టాంపు అలాగే పట్టుకొని లేచి నిలబడింది. ఆమెకు పదిహేనుమందీ కనపడలేదు, ఇనప రేకులూ కనపడలేదు. నాలుగు నెలలుగా గేటు దాటని తండ్రి తన కాళ్ళ మీద నిలబడి ఉన్నారు.

"నాన్నా, మీరెలా వచ్చారు?"

"లెక్క ప్రకారం వచ్చాను. నీ కింది సొరుగు తెరువు."

తెరిచింది. నీలం సంచి, అందులో డబ్బా, డబ్బాలో తీగలు. అల్లుడు ఆ తీగల్ని చూశాడు. ఎండుటాకుల కింద తాను ఎంతో జాగ్రత్తగా దాచింది ఏమిటో అప్పుడు అతని కళ్ళ ముందు మెదిలింది.

"పొద్దున వంటింట్లో ఉందన్నాను," అన్నారు సర్వేయరుగారు.

"అన్నారండీ."

"గిన్నెలకు తగిలిందన్నావు."

"అన్నానండీ."

గొడవ విని లోపలి గది నుంచి కమిషనరు వచ్చాడు. చెప్పుల కొట్టాయన అర్జీ చేతికిచ్చి, మెట్లూ పందిళ్ళూ మేమే తీసేసుకున్నాం, గోడల జోలికి మాత్రం రావద్దని అందరి తరఫున వేడుకున్నాడు. ఆ మెట్ల కోసం మూడేళ్ళుగా నోటీసులు పంపి విసిగిపోయిన కమిషనరుకు ఏమీ బోధపడలేదు. రోడ్డు వెడల్పు ఆలోచనే లేదని మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేదని ఇంత గట్టిగా చెబుతున్నారంటే వచ్చే వారమే అయి ఉంటుందని గొణుక్కుంటూ మెట్లు దిగారు. కమిషనరు సర్వేయరుగారి వైపు తిరిగాడు.

"మీరు ఏ శాఖ తరఫున వచ్చారండీ?"

"నా మోకాలి తరఫున."

కమిషనరు తన కుర్చీ తెప్పించి ఆయనకు వేయించాడు.

కూతురు ఆ పూటకు సెలవు పెట్టింది. తినడానికి భోజనం కూడా లేదు మరి. ముగ్గురూ ఆటోలో తోపు దాకా వెళ్ళి, చెట్టు వెతుక్కున్నారు. సంచి మూతి ఊడి ఉంది. మూత ఒకచోట, డబ్బా ఒకచోట. ఉడుత ముందు తిని, తరవాత చీమల్ని పిలిచినట్టుంది, మెతుకు మిగల్లేదు. అల్లుడు దారిలో కొన్న అరటిపళ్ళు తీసి అందరికీ పంచాడు. పైన తేనెటీగలు పూలలో మునిగి ఉన్నాయి. గాలి వీచినప్పుడు పూలు రాలి సర్వేయరుగారి కర్ర మీదా చెప్పుల మీదా పడుతున్నాయి. ఇంత నడవగలిగినవారు ఇన్నాళ్ళూ ఎందుకు కదల్లేదని కూతురు మెల్లగా అడిగింది. ఆయన పండు తొక్కు మడతపెట్టారు.

"ఆ వీధుల్లో గొలుసు పట్టుకొని వెళ్తే జనం లేచి నిలబడేవాళ్ళమ్మా. ఇప్పుడు కర్ర పట్టుకొని వెళ్తే లేచి నిలబడి చేయి పట్టుకుంటారు. అది నావల్ల కాలేదు."

కూతురు చేయి ఆయన మోచేతి దాకా వెళ్ళి, అక్కడ పట్టుకోకుండా, భుజం మీది పువ్వొకటి దులిపి వెనక్కి వచ్చింది.

మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ వంటింట్లో గొంతు తగ్గించి వాదించుకున్నారు. ఈసారి పెట్టె ఎక్కడ దాచాలన్నది అల్లుడి ఆలోచన. ఆమె వద్దంది. నిన్న నాలుగు నెలల నడక ఒక్కపూటలో నడిచారు, ఇవాళ కాలు నొప్పి ఉంటుంది, కదిలే మనసు ఉండదు, బలవంతపెడితే మళ్ళీ మొదటికొస్తుందంది. కనీసం గేటు దాకానైనా అని అతనన్నాడు. ఏదో ఒకటి ఆయన్నే అడుగుదామని ముందుగదిలోకి వచ్చారు.

కుర్చీ ఖాళీగా ఉంది. చదివిన పేపరు మడిచి దాని మీద పెట్టి ఉంది. మూలనుండే కర్ర లేదు, గుమ్మం దగ్గరుండే చెప్పులు లేవు. వెళ్తున్నానని ఇద్దరిలో ఒక్కరికీ చెప్పలేదు. గేటు తీసి ఉంది.

ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. ఎటు వెళ్ళారో ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు: తూర్పు వైపు, చెప్పుల కొట్టాయనతో మొదలుపెట్టి, అందరూ వరసగా మెట్లు లోపలికి లాక్కుంటున్నారు.