గంట కొడితే గాని ఆగని బావ

రండి, రండి. దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ చివర గుసగుసలాడే ఇద్దరూ మీ ముచ్చట కాసేపు మూటగట్టి పక్కన పెట్టండి. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గెయ్యండి, మధ్యలో దగ్గితే నా కథ పట్టాలు తప్పుతుంది. ఇందులో అబద్ధం రవ్వంత లేదు. ఉన్న నిజాన్నే కాస్త సాగదీశాను, అంతే.

ఒక బస్సు డ్రైవరు, ఒక బస్సు కండక్టరు. కండక్టరు అక్కను డ్రైవరు చేసుకున్నాడు కాబట్టి ఇద్దరూ బావాబామ్మర్దులు. ఒకే బస్సులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి ఒకే రోజు రిటైరయ్యారు. ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. అన్నేళ్ళూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అదే, అందుకే ఎప్పుడూ మాటా మాటా రాలేదు.

డ్రైవరు బావకు రెండు పట్టింపులు. వెనక్కి తిరిగి చూడడు, అది కండక్టరు పని. కేకలకు ఆగడు. "అరిచిన ప్రతివాడికీ ఆపుకుంటూ పోతే బండి డిపో గేటు దాటదు" అనేవాడు. కండక్టరుకు ఒకటే పట్టింపు. తలలు లెక్కపెట్టాలి, ముఖాలు చూడకూడదు. రోజుకు వెయ్యి ముఖాలు చూసినవాడికి కలలో అందరూ వచ్చి సీటు అడుగుతారట.

రిటైరైన మూడు నెలలకే బావ డీలా పడిపోయాడు. పొద్దున్నే తయారై వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా స్టీరింగు ఉన్నట్టు చేతులు గాల్లో పెట్టుకుని కూర్చునేవాడు. అది చూసి అక్క కళ్ళు తుడుచుకునేది. అదే మనిషి వంటింట్లోకి వచ్చి డబ్బాలన్నీ వరసగా, ముక్కులు బయటికి పెట్టి పార్కింగు చేస్తుంటే ఆ కళ్ళే ఎర్రజేసేది.

అలాంటప్పుడు పాత రాజుల తోటలో పని ఉందని తెలిసింది. కోట పోయినా తోట మిగిలింది. వరసగా ముసలి చెట్లు, ముక్కులు విరిగిన రాతి బొమ్మలు, నీళ్ళు లేని ఫౌంటెన్లు. తోట దాటితే అడవి, అడవి దాటితే కాలువ గట్టు. గట్టు చుట్టూ తిరిగి మళ్ళీ తోట గేటుకే వస్తుంది. లావు టైర్ల గేరు సైకిళ్ళ మీద సందర్శకులను ఆ దారంతా తిప్పి తీసుకురావడానికి ఇద్దరు మనుషులు కావాలి. తోట సూపర్నెంటు ఒకటే షరతు పెట్టాడు. వచ్చే శనివారం పొద్దున్న ఆయనతో కలిపి ఆరుగురిని తిప్పాలి. వెళ్ళింది ఆరుగురైతే వచ్చేదీ ఆరుగురే కావాలి. ఒక్కరు తగ్గినా పని వేరేవాళ్ళకు.

ఆ పొద్దున అక్క తోట గేటు దాకా వచ్చి తమ్ముడి చేతిలో టీ ఫ్లాస్కు పెట్టింది.

"విను తమ్ముడూ. ఈ పని రాకపోతే మీ బావను మీ ఇంటికి పంపిస్తా. ఇక మీ వంటింట్లో డబ్బాలు సర్దుతాడు."

"అంత మాటనకు అక్కా. ఆరుగురే కదా. అరవై మందిని ఫుట్‌బోర్డు మీద వేలాడదీసి తెచ్చినవాళ్ళం."

సూపర్నెంటు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు టీచరమ్మలు, ఒక కొత్త జంట. ముందు బావ, వెనక కండక్టరు. కండక్టరు హ్యాండిలుకు ఇత్తడి గంట ఒకటి బిగించుకొచ్చాడు. రెండు కొట్టాడు. బావ కదిలాడు. మూడు నెలల తరవాత ఆ ముఖంలోకి కళ వచ్చింది.

తోటలో అంతా సాఫీగా సాగింది. బొమ్మ దగ్గర ఒక గంట, ఆగారు. రెండు గంటలు, కదిలారు. సూపర్నెంటు తల ఊపాడు కూడా.

అడవిలో దారి మారింది. చెట్ల వేళ్ళు పాముల్లా అడ్డంగా పడి ఉన్నాయి. మొదటి వేరు ఎక్కగానే కండక్టరు గంట దానంతటదే మోగింది. టింగు, టింగు. రెండు గంటలు. బావ ఇంకాస్త తొక్కాడు. తొక్కేకొద్దీ ఎగిరింది, ఎగిరేకొద్దీ మోగింది, మోగేకొద్దీ బావ తొక్కాడు. ఒక వేరు మీద కండక్టరు సైకిలు ఎంత ఎత్తు లేచిందంటే, ఆయన గాల్లోనే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని దిగాడు.

"బావా, ఆపు," అని అరిచాడు కండక్టరు.

"అరుపులు నాకు చెప్పకండి, కండక్టరుకు చెప్పుకోండి," అన్నాడు బావ, తల తిప్పకుండా.

ఒక్క గంట కొడదామని కండక్టరు మీట నొక్కితే, రెండోది వేరు కొట్టింది. చేతిరుమాలు కుక్కితే గంట మూగబోయింది. మూగబోతే ఆగాలని ఏ రూల్లోనూ లేదు కదా, బావ సాగిపోయాడు. రుమాలు పీకేసి, తల హ్యాండిలు మీదికి వంచి, ఒంటి చేత్తో గంట నట్టు ఊడదీసే పనిలో పడ్డాడు కండక్టరు.

సరిగ్గా అప్పుడే పెద్ద మలుపు వచ్చింది. ముందు పళ్ళ డాక్టరు ఎండాకుల గుట్టలో పడ్డాడు, ఆయన మీద టీచరమ్మలు, వాళ్ళ మీద కొత్త జంట, అందరి మీదా సూపర్నెంటు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, సైకిళ్ళు మాత్రం విరిగి, జడ అల్లుకున్నట్టు అల్లుకుపోయాయి. తల వంచుకున్న కండక్టరు వాళ్ళ పక్కనుంచే దూసుకుపోయాడు.

ఇటుకలు పరిచిన కాలువ గట్టు మీద గంట ఇంకా జోరుగా మోగింది. రోజూ ఆ గట్టు మీద సైకిళ్ళ మీద పనికి పోయేవాళ్ళుంటారు. జుట్టు నెరిసిన ఒక పెద్దమనిషి పళ్ళు బిగించి తొక్కుతున్నాడు. వెనక ఇంకో పెద్దమనిషి ఆగకుండా గంట కొడుతూ అరుస్తున్నాడు.

"ఈ వయసులో ఇంత వేగమా," అన్నాడు పాలాయన. "వెనక ఏదో తరుముకొస్తోందమ్మా."

"కాలువకు గండి పడిందేమో," అంది కూరగాయలామె, అప్పటికే తొక్కుతూ.

పాలాయన, కూరగాయలామె, పోస్టుమాను, ఇస్త్రీ ఆయన, డ్యూటీ దిగి ఇంటికెళ్ళే ఇద్దరు నర్సమ్మలు వరసగా బావ వెనక చేరారు. నట్టు రాక విసిగి తల ఎత్తిన కండక్టరు వెనకనుంచి తలలు లెక్కపెట్టాడు. ఆరు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక సైకిలుకు పాలక్యాన్లు వేలాడుతున్నాయి. ప్రయాణమన్నాక లగేజీ ఉంటుంది కదా అనుకున్నాడు. ఇంకొకాయన కూడా పక్కనుంచి దూరబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఖాళీ లేదండీ. వెనక బండి చూసుకోండి."

గేటు ముందు నున్నటి తారురోడ్డు. గంట శాంతించింది. కండక్టరు ఒక్కటే కొట్టాడు. బావ గేటు ముందు గీత గీసినట్టు ఆపాడు.

"వెళ్ళింది ఆరుగురు, వచ్చింది ఆరుగురు," అన్నాడు కండక్టరు అక్కతో, ఛాతీ పొంగించి.

అక్క ఆరుగురినీ వరసగా చూసింది. "తమ్ముడూ, సూపర్నెంటు గారు పోస్టు సంచీ ఎప్పుడు తగిలించుకున్నార్రా?"

కండక్టరు మొదటిసారి ముఖాలు చూశాడు. "బావా," అన్నాడు. "వీళ్ళు మనవాళ్ళు కారు. మనవాళ్ళు అడవిలోనే ఎక్కడో రాలిపోయారు."

అప్పుడు బావ వెనక్కి తిరిగాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తిరగని మెడ, తుప్పు పట్టిన తలుపులా కిర్రుమంది. ఆరుగురినీ చూశాడు.

"నీ తప్పు కాదురా," అన్నాడు. "నువ్వు పిలుస్తూనే ఉన్నావు. నేనే ప్యాసింజరనుకున్నా."

"పని పోయింది బావా."

"పోతే పోయింది. మనుషుల్ని అడవిలో వదిలేసి వరండాలో ఎలా కూర్చుంటాను? పద."

బావ పానా తీసి ఆ గంట ఊడదీసి, టీ ఫ్లాస్కుతో పాటు అక్క చేతిలో పెట్టాడు. ఈసారి పది బారలకోసారి తల తిప్పి, బామ్మర్ది వస్తున్నాడా లేదా అని చూసుకుంటూ తొక్కాడు. పెద్ద మలుపు దగ్గర కండక్టరు మెల్లగా, "ఇక్కడ ఆపు బావా," అన్నాడు. బావ ఆగాడు.

ఎండాకుల గుట్ట మీద ఐదుగురు బుద్ధిగా వరసలో కూర్చుని ఉన్నారు. మొద్దు మీద నిలబడి సూపర్నెంటు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "అలా ఆ మూడో రాజు కాలువ తవ్విస్తే, ఆయన తమ్ముడు పూడ్పించాడు. అదండీ ఈ తోట చరిత్ర. అయిపోయింది."

ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "క్షమించండి సార్. పని వేరేవాళ్ళకిచ్చుకోండి," అన్నాడు బావ.

సూపర్నెంటు మొద్దు దిగి వచ్చి బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇరవై రెండేళ్ళుగా ఈ తోట చరిత్ర చెబుతున్నానయ్యా. రెండో రాజు దాకా వినేసరికి ఒక్కొక్కరే జారుకుంటారు. ఇవాళే మొదటిసారి చివరిదాకా చెప్పాను. సైకిళ్ళు విరిగాయి, దారి తెలీదు, ఎక్కడికి పోతారు? రేపట్నుంచి పనిలోకి రండి. ప్రతి జట్టునూ ఇక్కడే పడెయ్యండి."

పళ్ళ డాక్టరు ఏదో అనబోయాడు గాని, ఆయన నోట్లో ఇంకా ఆకులున్నాయి.

అందరూ సైకిళ్ళు భుజాన వేసుకుని గేటు చేరేసరికి అక్కడ వేరే ఆరుగురూ టీ తాగుతూ కూర్చున్నారు. గండి పడని కాలువను తిట్టుకుంటూ, రేపు ఎన్నింటికి బయలుదేరాలో అడుగుతున్నారు. అక్క బావ ముఖం చూసి ఫ్లాస్కు మూత తిప్పింది.

గేటు పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన అదంతా తేరిపార చూసి, పక్కవాడితో అన్నాడు.

"నేనూ ఎక్కేవాణ్ణే. ఎక్కడికి పోతుందో ముందు బోర్డు పెట్టలేదు."