మామగారు ఒప్పుకున్న నేరం

ఈ కథలో దొంగ ఎవరో మొదట్లోనే చెప్పేస్తాను, దాచడానికేం లేదు. తను దొంగిలించింది ఎంత పెద్ద వస్తువో ఆ దొంగకే తెలియదు, అదీ గొడవ.

కోర్టు రికార్డు గదిలో గుమాస్తాగా చేసే ఆ మహానుభావుడికి తోటివాళ్ళు పెట్టిన పేరు సప్లిమెంటరీ. నెత్తి మీద జుట్టు పలచబడ్డాక, నేర న్యాయశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకుంటానని విశ్వవిద్యాలయంలో చేరాడు. చేరడం ఒక్కసారే చేరాడు, తప్పడం మాత్రం ఏటేటా తప్పుతున్నాడు. గైడులో చుక్క గుర్తు పెట్టిన అధ్యాయాలు చదవడం, మిగతావి దేవుడికి వదిలేయడం ఆయన పద్ధతి.

ఈసారి ఏదైనా చిన్న నేరాన్ని స్వయంగా దర్యాప్తు చేసి నివేదిక రాయమన్నారు. ఊళ్ళో నేరాలకేం కొదవ? కాకపోతే ఎవరి నేరంలో వేలు పెట్టినా వీపు విమానం మోత మోగుతుంది. అంచేత ఇంట్లోనే ఒకటి తయారుచేసుకుందామనుకున్నాడు.

ఇంట్లో ఉన్నది ముగ్గురు. తను, ఆసుపత్రిలో నర్సుగా చేసే భార్య, ఆవిడ తండ్రి. మామగారు ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళిపోతున్నాడు. పాలు మాడినప్పుడల్లా కూతుర్ని అదే మాట అడుగుతాడు.

"నాకు మతి పోతోందేమిటమ్మా?"

"అమ్మ గడియారానికి కీ ఇవ్వడం ఎప్పుడైనా మరిచిపోయావా నాన్నా?"

"లేదు."

"మరింకేం!"

పోయిన భార్య చేతిగడియారం అది. రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా ఫర్వాలేదని తలూపుకుంటాడు. పాపం, ఆ పెద్దాయనకు మిగిలిన ధైర్యమల్లా అదే.

మన సప్లిమెంటరీ సరిగ్గా దాన్నే తీసుకెళ్ళి పాత బూటులో కుక్కాడు. పోయేకాలం వస్తే బుద్ధి అలాగే పనిచేస్తుంది.

తెల్లారేసరికి ఇల్లు తలకిందులైంది.

"ఏమండీ, అమ్మ గడియారం కనబడ్డం లేదు!"

"ఎవరూ కదలొద్దు," అన్నాడు గొంతు సవరించుకుని.

"కదలకపోతే నా డ్యూటీకి మీరెళ్తారా?"

"నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"మీ బట్టలు ఉతుకుతున్నాను. సాక్ష్యం దండెం మీద ఆరుతోంది, వెళ్ళి అడగండి."

సెలవు రోజున ఇంట్లో టక్ చేసుకుని, పెన్ను మూత తీసి తయారుగా ఉన్న మొగుణ్ణి ఆవిడ ఎగాదిగా చూసింది. పథ్యం తప్పి బుకాయించే రోగుల్ని రోజూ చూసే మనిషి. లోపల కాసేపు వెతికి, డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఇక సప్లిమెంటరీ మామగారి ఎదుట కుర్చీ లాక్కున్నాడు. చేశావా అని అడగకూడదు, చేసినట్టే మాట్లాడాలి, ఒప్పుకోవడానికి తేలికైన సాకు మనమే అందించాలి. ఆ అధ్యాయానికి గైడులో రెండు చుక్కలున్నాయి మరి.

"మీరు కావాలని తీసి ఉండరు మామయ్యా. ఏదో ధ్యాసలో తీసి ఎక్కడో పెట్టి ఉంటారు. అంతేగా?"

"లేదే నాయనా... నాకు అలా గుర్తు లేదు."

"గుర్తుండదు. మొన్న పాలు మాడింది గుర్తుందా?"

పెద్దాయన చొక్కా జేబులు, పంచె మడతలు, దిండు కింద, అన్నీ మళ్ళీ తడుముకున్నాడు. చివరికి తల వంచుకున్నాడు.

"నేనే తీసుంటాను అల్లుడూ. నేనే. దాన్ని కూడా పోగొట్టానన్నమాట."

సప్లిమెంటరీ ఉప్పొంగిపోయాడు. పుస్తకంలో విద్య పనిచేయడం జీవితంలో అదే మొదలు! ఇక సొత్తు దొరికినట్టు చూపిస్తే నివేదిక పూర్తవుతుందని బూటులో చెయ్యి పెట్టాడు. గడియారం లేదు. రెండో బూటులోనూ లేదు.

పరిగెత్తుకొచ్చాడు. "మామయ్యా, నిజంగానే మీరే తీశారా?"

"చెప్పాను కదా నాయనా, నేనేనని."

ఆ మాటతో అసలు దొంగకే అనుమానం వచ్చింది, కొంపదీసి ఈయనే తీశాడేమోనని!

సాయంత్రం భార్య ఇంటికొచ్చేసరికి తండ్రి బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునున్నాడు.

"మతిలేనివాళ్ళని చూసుకునే చోటేదైనా ఉంటే చేర్పించమ్మా. మీ అమ్మ గుర్తుని కూడా పారేసుకున్నాను."

ఆవిడ చేతిసంచీలోంచి గడియారం తీసి తండ్రి చేతిలో పెట్టి, మొగుణ్ణి లోపలికి లాక్కెళ్ళింది. పొద్దున వెతుకుతుంటే బూటులో దొరికింది, మొగుడి నాటకం ఎంతదాకా పోతుందో చూద్దామని వెంట తీసుకెళ్ళింది. జరిగిందంతా మొగుడి నోట కక్కించడానికి ఆవిడకు అరనిమిషం పట్టలేదు. ఊరికే చూస్తూ నిలబడింది, ఆయనే చెప్పేశాడు.

పుస్తకం తెచ్చి తరవాతి అధ్యాయం తీసింది. "చదవండి. ఈ పద్ధతి వృద్ధుల మీద, మతిమరుపున్నవాళ్ళ మీద వాడకూడదు, చేయని నేరం కూడా ఒప్పుకుంటారు అని రాశారు."

"దానికి చుక్క గుర్తు లేదే..." అన్నాడు నీరసంగా.

"పదండి. మా నాన్నకి మీరే చెప్పండి."

సప్లిమెంటరీ వెళ్ళి మామగారి కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. "నేనే దాచాను మామయ్యా. చదువు కోసం చేసిన వెధవపని. మీ తప్పు ఇసుమంత కూడా లేదు."

పెద్దాయన అల్లుడి తల నిమిరాడు. "నా పరువు నిలపాలని నింద నీ మీద వేసుకుంటున్నావా నాయనా?"

"అయ్యో, కాదు! మా అమ్మ తోడు!"

"ఒట్లెందుకులే. ఇంత మంచి అల్లుడు ఎందరికి దొరుకుతాడు!"

"నిజమే నాన్నా, బూటులోంచి నేనే తీశాను," అంది కూతురు. పొద్దున్నే ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేదని తనను తనే తిట్టుకుంది.

"నువ్వూ మొగుడి పక్షమేనా తల్లీ," అని నవ్వాడాయన. గడియారం అల్లుడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "ఇకనుంచి కీ నువ్వే ఇవ్వు. నా మీద నాకు నమ్మకం పోయింది."

సంచీలోని బట్టలు కూతురు బలవంతంగా బీరువాలో సర్దింది. గదిలోకి వెళ్ళాక మొగుడు దీనంగా అడిగాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఒప్పించడం నేర్చుకున్నారు కదా. ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీయించడం ఏ అధ్యాయంలో ఉందో వెతకండి. చుక్కల్లేనివి కూడా చదవండి."

మర్నాడు పొద్దున సప్లిమెంటరీ ముందు గదిలో నిలబడి, గడియారానికి కీ ఇచ్చాడు. "సరిగ్గా తిప్పుతున్నానా మామయ్యా?" అని గట్టిగానే అడిగాడు. పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "నన్నడక్కు నాయనా," అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.