వేలు పెడితే గెంటేసే కంప్యూటర్

పని మధ్యలో ప్రోగ్రాము టప్పున మూసుకుపోయిందని కంప్యూటర్‌ని తిట్టే పాఠకులారా, ఇకనైనా ఆపండి! అంతటి సంస్కారం మనుషుల్లో ఎక్కడుంది?

ఫిలిం నగర్‌లో తొలి సినిమా ఎడిట్ చేస్తున్న హిమజ కూడా మొన్నటిదాకా తిట్టింది. టైటిల్స్ వేసే ప్రోగ్రాము ఉన్నట్టుండి చచ్చిపోయింది మరి. కానీ పక్కనే నడుస్తున్న ఎడిటింగ్ ప్రోగ్రాముకు గీత కూడా పడలేదు. ఎందుకని? ఆపరేటింగ్ సిస్టం మెమరీని పేజీలుగా విడగొట్టి, ఎవరి పేజీలు వారికి అప్పగిస్తుంది. పొరుగువారి పేజీలో వేలు పెట్టబోయిన ప్రోగ్రామును అక్కడికక్కడే గెంటేస్తుంది. సిఫార్సులు చెల్లవు.

ఈ పద్ధతి మన పరిశ్రమకు వస్తే ఎంత బాగుంటుందోనని హిమజ మురిసిపోయింది. క్లైమాక్స్ మార్చమనే ఫైనాన్షియర్ బావమరిది గెంటివేత! పాటకు ట్యూన్ చెప్పే హీరోగారి జిమ్ ట్రైనర్ గెంటివేత! సాయంత్రానికి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ జామ్ అంతా వీళ్లదే.

అంతలో మెర్లిన్ ఫోన్ చేసింది. కృష్ణానగర్ గదిలో ఉంటూ ఏళ్ల తరబడి గుంపు సీన్లలో నిలబడ్డ అమ్మాయి. ఈ సినిమాలో హీరో చెల్లెలిగా ఒకే ఒక్క సీన్ దొరికింది. అన్నను నిలదీసే ఆ నిమిషంలో ఆమె ముందు హీరో కూడా తేలిపోయాడు.

"నా సీన్ ఉంటుందా అక్కా? మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పేసిందండీ."

"ఉంటది. నువ్వేం ఫికర్ చెయ్యకు," అంది హిమజ.

ఫోన్ పెట్టిందో లేదో హీరోగారి మేనేజర్ ప్రేమ్ చంద్ వచ్చి పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెల్లెలి సీన్‌లో సార్ డల్‌గా ఉన్నారండీ. తీసేద్దాం."

"డైరెక్టర్‌ను అడగకుండ ఎట్ల తీస్తరు?"

"ఆయనకు రేపు చెప్తాంలెండి," అంటూ మౌస్ అందుకున్నాడు.

హిమజ ఇప్పుడు గెంటెయ్, గెంటెయ్ అని స్క్రీన్‌ను మనసులోనే బతిమాలింది. పాపం, యంత్రం మాత్రం ఏం చేస్తుంది? ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రామును కాపాడటమే దానికి తెలుసు. మౌస్ మీద ఎవరి చెయ్యి ఉందో దానికి పట్టదు. సేవ్ చేయమంటారా అని మర్యాదగా అడిగి మరీ, ఆ సీన్ లేని సినిమాను సేవ్ చేసింది.

"ఆ పిల్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి," అంది హిమజ.

ప్రేమ్ చంద్ నొచ్చుకున్నాడు.

"అది ఎడిటర్ గారి డిపార్ట్‌మెంట్ కదండీ. ఇతరుల పనిలో వేలు పెట్టే అలవాటు నాకు లేదు."